పాత చీర, కొత్త సంచి, నడుమ కూలి

పెన్నా నది కొండలు దాటుకుని వచ్చి, నెల్లూరు జిల్లా మెట్టను వదిలి మాగాణిలోకి దిగే చోట సంగం ఉంది. బీరాపేరు వచ్చి పెన్నలో కలిసేది ఇక్కడే. ఆ కలయికే ఊరి పేరైంది. ఏటి ఒడ్డున కామాక్షీ సంగమేశ్వరుల గుడి. 1880లలో ఇక్కడ ఆనకట్ట కట్టాక, ఆ నీళ్ళు కనిగిరి జలాశయం మీదుగా వరిపొలాలకు పారాయి. ఆ ముసలి ఆనకట్టకు బదులుగా కట్టిన బ్యారేజీ 2022 సెప్టెంబరు 6న ప్రారంభమైంది.

జిల్లా ఆడవాళ్ళ నోట 'సంగం' అంటే ఇంకో అర్థం కూడా ఉంది. పుస్తకాల్లో సంఘం అని రాసే మాటను పల్లెలో ఒత్తు లేకుండానే పలుకుతారు. 'మా సంగంలో పదిమందిమి', 'సంగం డబ్బులు కట్టాలి', 'ఈ రోజు సంగం మీటింగుంది' అంటారు. పదిమంది ఆడవాళ్ళు కూడబలుక్కుని రూపాయి రూపాయి దాచుకున్న పొదుపు సంఘం అది. ఈ సంగాల్లో చాలామంది చేతికి కుట్టుమిషను వచ్చింది. పాత బట్టల నుంచి, దర్జీ కొట్లో మిగిలిన ముక్కల నుంచి సంచులు కుట్టి అమ్మితే నాలుగు డబ్బులు వస్తాయన్న మాట కూడా వచ్చింది. పాతదాన్ని కొత్తగా మార్చడం తెలుగు ఆడవాళ్ళకు కొత్త విద్య కాదు. ఆ పనికి కూలి లెక్కకట్టడమే కొత్త. ఈ రెండో సంగతికి కూడా పెన్న ఒడ్డున ఒక చరిత్ర ఉంది.

ముందు పాత విద్య గురించి.

నూలు చీర ఒక ఇంట్లో ఎన్ని జన్మలెత్తేదో ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. పండక్కి కట్టిన చీర కొన్నాళ్ళకు వాడుక చీరయ్యేది. చిరుగుపడితే మాసిక వేసేవారు. మాసికలు ఎక్కువైతే అది దూలానికి వేలాడే ఉయ్యాలయ్యేది. ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన ముక్కలు పురిటింటికి పొత్తిగుడ్డలుగా వెళ్ళేవి. పుట్టిన బిడ్డ ఒంటికి కొత్తబట్ట గరుకు తగలకూడదని పాత గుడ్డలోనే పొదిగేవారు. ఇంకా మిగిలినదాన్ని పొరలు పొరలుగా పరిచి, మధ్యలో చిరిగిన పంచెలు పెట్టి, అంచులు లోపలికి మడిచి, వరస కుట్టు వేసుకుంటూ పోతే బొంత తయారయ్యేది. బొంత కూడా చివికిపోతే వంటింట్లో మసిగుడ్డలు, నీళ్ళ బిందె కింద చుట్టకుదురు. ఆఖరికి శుభ్రమైన ఒక పీలిక దీపం కుందిలో ఒత్తిగా వెలిగేది. మెత్తని చీరముక్క విలువ తెలిసిన ఇళ్ళలో పాతగుడ్డల మూట ఒకటి ఎప్పుడూ అటక మీద ఉండేది.

బొంతతోనే ఆగలేదు. చిత్తు కాగితాలు నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి, ఆ గుజ్జును వెదురు చాటలకూ బుట్టలకూ మెత్తేవారు. చాట సందులు పూడిపోయి పిండి కారేది కాదు, పదేళ్ళు మన్నేది. మాగాణి ఊళ్ళలో యూరియా సంచులు విప్పి, కలిపి కుట్టి, వడ్లు ఎండబోసుకునే పట్టలు చేసుకునేవారు. ఈ పని ఇప్పటికీ ఉంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో చేపలకు పనికిరాని వల కోళ్ళ గూటికీ కూరగాయల పాదుకూ కంచె అవుతుంది. శ్రీకాకుళం వైపు పొందూరులో ఇంకా విచిత్రం. కూరకు పనికిరాని వాలుగ చేప దవడ ఎముకే అక్కడి సన్నఖద్దరుకు మొదటి పనిముట్టు. ఆ ఎముక పళ్ళతో దూదిని దువ్వితే పోగు శుభ్రపడుతుంది. ఆ ఊరి వడికేవాళ్ళూ నేసేవాళ్ళూ కలిసి నడుపుకునే ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం 1949 నుంచి ఉంది.

ఇంట్లో కుట్టిన బొంతకు వెల ఎవరూ కట్టలేదు. కట్టాల్సిన అవసరమూ రాలేదు. అమ్మమ్మ మనవడికి కుట్టింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక, అరుగు మీద, పక్కింటావిడతో మాట్లాడుకుంటూ కుట్టింది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ బొంత ఇల్లు దాటి సంతకు వెళ్ళినప్పుడు కూడా జనం దాన్ని అలాగే చూశారు. గుడ్డ ఎలాగూ పాతదే, ఊరికే వచ్చింది. కుట్టింది తీరిక వేళల్లో, అది కూడా ఊరికే వచ్చినట్టే. ఇక దారం ఖర్చు మీద నాలుగు రూపాయలు వేస్తే చాలదా అన్నది కొనేవాళ్ళ లెక్క. పాతగుడ్డ పనివాళ్ళను ఈనాటికీ వెంటాడుతున్న లెక్క ఇదే.

బయటి దేశాల్లోనూ దీనికి తేడా లేదు. ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో, బాట్లీ అనే ఊళ్ళో, 1813లో బెంజమిన్ లా అనే ఆయన పాత ఉన్ని గుడ్డలను చీల్చి మళ్ళీ నూలుగా మార్చే పద్ధతి కనిపెట్టాడు. దాన్ని 'షాడీ' అన్నారు. ఆ మాటకు ఇంగ్లీషులో తర్వాత 'నాసిరకం' అన్న అర్థం వచ్చి చేరింది. ఆ పని మన దేశంలో హర్యానాలోని పానిపట్‌కు చేరింది. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన పాత స్వెట్టర్లు అక్కడ రంగుల వారీగా గుట్టలు పడతాయి. ఆడవాళ్ళు నేల మీద కూర్చుని బొత్తాలు, జిప్పులు కోసి తీస్తారు. వరదలొచ్చినప్పుడు పంచిపెట్టే చవక దుప్పట్లు చాలాకాలం అక్కడినుంచే వచ్చేవి. పారిస్‌లో 1884లో నగరాధికారి యూజీన్ పూబెల్ ఇంటింటికీ మూతపెట్టిన చెత్తడబ్బా ఉండాలని ఆజ్ఞ వేసినప్పుడు, గుడ్డపీలికలు ఏరి బతికేవాళ్ళు తమ నోటికాడి కూడు పోతుందని గోలపెట్టారు. ఊరు శుభ్రపడాలంటే ముందు దెబ్బ తినేది చెత్త ఏరేవాడే అన్నది అప్పటికే తెలిసిన సంగతి.

కూలి లెక్క చరిత్ర కోసం ఇప్పుడు సంగం నుంచి పెన్న వెంట కిందికి, నెల్లూరు దాటి సముద్రం వైపు వెళ్ళాలి. అక్కడ ఏటి ఒడ్డున పల్లిపాడు ఉంది.

1921 మార్చి ఆఖరున బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటిమంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు కావాలని తీర్మానించింది. ఆ తర్వాత వారం తిరక్కుండా, ఏప్రిల్ 7న, గాంధీ పల్లిపాడు వచ్చి పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల వెంకటకృష్ణయ్య దానికి పూనుకున్నారు. పొట్లపూడికి చెందిన పొణకా కనకమ్మ భూమి ఇచ్చారు. దక్షిణాఫ్రికాలో గాంధీకి సహచరుడైన పారశీ రుస్తుంజీ పదివేల రూపాయలు ఇచ్చారు. కనకమ్మ రెండేళ్ళ తర్వాత నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు.

ఆశ్రమంలో రాట్నం తిరిగింది, మగ్గం ఆడింది. అప్పుడు దేశమంతటా రాట్నం గురించి చెప్పిన మాట ఒకటే. రైతుకూలీకి ఏడాదిలో కొన్ని నెలలు పని ఉండదు, ఆడవాళ్ళకు రోజులో కొన్ని గంటలు తీరిక ఉంటుంది, ఆ తీరికను నూలుగా మార్చుకుంటే పస్తు తప్పుతుంది. 1925లో పుట్టిన అఖిల భారత చరఖా సంఘం ఈ లెక్క మీదే ఊరూరా దూది పంచి, నూలు తీసుకుని, చిలపల లెక్కన డబ్బులిచ్చింది. రోజంతా వడికినా చేతికి అణా, మహా అయితే ఇంకొంచెం. తీరిక వేళల సంపాదనే కదా, ఏమీ లేనిదానికంటే నయమే కదా అన్నారు. కుట్టిన బొంతకు కట్టిన లెక్కే ఇక్కడా కట్టారన్నమాట.

ఈ లెక్క తప్పని తేల్చి చెప్పిన మనిషి, దాన్ని మొదట చెప్పిన మనిషే. 1935లో గాంధీ తన ధోరణి మార్చుకున్నారు. వడికే ఆడమనిషికి ఎనిమిది గంటల పనికి ఎనిమిది అణాలు రావాలన్నారు. హరిజన్ పత్రికలో అదేపనిగా రాశారు. చరఖా సంఘం కార్యకర్తలు గుండెలు బాదుకున్నారు. అంత కూలి ఇస్తే ఖద్దరు ధర ఆకాశానికి వెళ్తుంది, కొనేవాడుండడు, ఉన్న అణా కూడా ఆ తల్లికి పోతుంది అని వాదించారు. వాళ్ళ వాదనలో నిజం లేకపోలేదు. మిల్లుబట్ట పక్కన ఖద్దరు అప్పటికే ప్రియం.

ఆ ఏడాది అక్టోబరులో వార్ధాలో సంఘం ఒక తీర్మానం చేసింది. ఖద్దరు తయారీలో ఏ పని చేసేవారికైనా ఎనిమిది గంటల నికరమైన పనికి కనీస కూలి ముట్టాలి. ఆ కూలి ఎంతో కూడా గాలిలో వదల్లేదు. మనిషికి ఏడాదికి 20 గజాల బట్ట, శాస్త్రం ప్రకారం ఒంటికి కావలసినంత తిండి, ఈ రెండూ కొనుక్కోగలిగినంత ఉండాలి. దాన్ని మెల్లమెల్లగా పెంచుకుంటూ పోయి, పనిచేసేవాళ్ళ సంపాదనతో ఇంటిల్లిపాదీ బతకగలిగే దాకా తేవాలి. ఎనిమిది అణాలు ఒక్కసారిగా కుదరలేదు. మూడు అణాలతో మొదలుపెట్టారు. అణా దగ్గర ఉన్న మనిషికి మూడు అణాలంటే చిన్న మాట కాదు.

ఈ తీర్మానానికి రావలసినంత పేరు రాలేదు. కొనేవాడు ఎంత ఇస్తాడన్న దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కేస్తే పనిచేసేవాళ్ళకు మిగిలేది పొట్టు. వీళ్ళు ఆ లెక్కను తిరగేశారు. ముందు పనిచేసే మనిషి తిండీ బట్టా, ఆ తర్వాత ఖద్దరు వెల. దేశంలో కనీస వేతనాల చట్టం 1948లో వచ్చింది. దానికి పదమూడేళ్ళ ముందే, చట్టం అడగకుండానే, ఒక సంస్థ తన పనివాళ్ళకు ఈ మాట ఇచ్చింది. ఆ పనివాళ్ళలో చాలామంది పల్లెటూరి ఆడవాళ్ళే. వాళ్ళు సమ్మె చేయలేదు, అర్జీ పెట్టలేదు. పెట్టే దారి కూడా వాళ్ళకు లేదు.

మాట ఇచ్చాక దాన్ని నిలబెట్టే ఏర్పాటు కూడా చేశారు. ఆ కూలి ఇచ్చే దుకాణాలకే సంఘం ధ్రువీకరణ. తక్కువ కూలికి వడికించి చవకగా అమ్మే ఖద్దరు చూడ్డానికి అచ్చం అలాగే ఉన్నా, అది ఖద్దరే కాదు పొమ్మన్నారు. బట్టలో పోగు ఎలా ఉందని కాకుండా, ఆ పోగు వెనకాల మనిషికి ఎంత ముట్టిందని చూసి ముద్ర వేయడమన్నమాట. యూరప్ దుకాణాల్లో న్యాయవ్యాపారం (ఫెయిర్ ట్రేడ్) గుర్తులు కనపడటానికి చాలా ముందే ఇది మన దగ్గర జరిగింది. వార్ధా పక్కన నాల్వాడిలో వినోబా భావే ఇంకో అడుగు వేశారు. తానే రోజూ గంటల తరబడి వడికి, వడికే మనిషికి వచ్చే కూలితోనే కడుపు నింపుకుని చూశారు. కూలి రేటు నిర్ణయించే పెద్దమనిషి ఆ రేటుకు తాను బతికి చూడటం ఎంత అరుదు!

పల్లిపాడు నుంచి వెనక్కి, ఏటికి ఎదురు, మెట్ట ఊళ్ళకు వెళ్తే, ఇప్పటి సంగాల కథకు మూలమైన దూబగుంట ఉంది. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం పేరిట రాత్రిబళ్ళు మొదలయ్యాయి. కూలికి వెళ్ళొచ్చిన ఆడవాళ్ళు లాంతరు ముందు పలక పట్టారు. వాచకంలోని సీతమ్మ కథ చదివారు. సారా తాగే మొగుడి వల్ల ఇల్లు గుల్లైన కథ అది. చదివినవాళ్ళకు అది పాఠంలా అనిపించలేదు, తమ ఇల్లే అనిపించింది. దూబగుంట ఆడవాళ్ళు ఊళ్ళోకి సారా రాకుండా ఆపారు. ఆ సంగతి 'ఆడవాళ్ళు ఏకమైతే' అని ఇంకో పాఠమై మిగతా ఊళ్ళకు పాకింది. 1992కల్లా జిల్లా అంతా లేచింది. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా బంద్ అయింది.

సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగిలింది. దాన్ని ఏం చేయాలన్న ప్రశ్నకు నెల్లూరు ఆడవాళ్ళు చెప్పిన జవాబు పొదుపులక్ష్మి. రోజుకు ఒక్క రూపాయి. పదీ పదిహేను మంది కలిసి ఒక సంగం. ఆ రూపాయలే తిరిగి అప్పులై గేదెలయ్యాయి, మిషన్లయ్యాయి, పిల్లల ఫీజులయ్యాయి. తర్వాత వచ్చిన డ్వాక్రా సంఘాల విస్తరణకు, వెలుగు పథకానికి నెల్లూరు అనుభవం పునాదుల్లో ఒక రాయి. అప్పు ఇప్పించడంలో ఈ సంగాలు సాధించింది చాలా గొప్ప పని.

కూలి దగ్గర మాత్రం అవి ఆగిపోయాయి. సంగం తరఫున పచ్చళ్ళు పెట్టినా, విస్తళ్ళు కుట్టినా, గుడ్డసంచులు కుట్టినా, అమ్మగా వచ్చినదాన్ని లాభం అన్నారు. సరుకు ఖర్చు పోను మిగిలింది పంచుకోవడమే. అందులో తాము కూర్చున్న గంటలకు ఎంత అని విడదీసి రాసిన ఖాతా పుస్తకం కనపడటం అరుదు. ప్రభుత్వ కాగితాల్లో వాళ్ళు 'లబ్ధిదారులు'. పనిచేసిన మనిషిని లబ్ధిదారు అన్నప్పుడు కూలి మాట ఎత్తేదెవరు?

ఈ లోపల పాతగుడ్డ కూడా మారిపోయింది. నూలు చీర పోయి పాలిస్టరు చీర వచ్చింది. అది తడి పీల్చదు, పొత్తిగుడ్డకు పనికిరాదు. ఒత్తి చేస్తే వెలగదు, కరిగి కారుతుంది. చివకదు, చిరగదు. అటక మీది మూటలు కదలకపోయేసరికి వీధిలోకి స్టీలు సామాన్లవాళ్ళు వచ్చారు. నాలుగు చీరలకు గిన్నె, పట్టుచీరైతే బిందె. పాత ఇనుముకు ఉల్లిపాయలు, పగిలిన ప్లాస్టిక్ బకెట్టుకు పీచుమిఠాయి. ఇంటావిడకు ఊరికే వస్తువు వచ్చినట్టుంటుంది. ఆ మూటను నెత్తిన పెట్టుకుని ఎండలో తిరిగి, ఏరి, ఉతికి, తూకానికి వేసే మనిషికి వచ్చేది ఎంతో ఎవరూ అడగరు. ఊళ్ళలో చిత్తు కాగితాలు, సీసాలు ఏరేవాళ్ళ సంగతీ ఇదే. నెల్లూరు సీమలో ఈ పనిలో యానాది తెగవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ యానాదుల మనిషితనం కోసం జీవితమంతా తిరిగిన వెన్నెలకంటి రాఘవయ్య కూడా ఈ జిల్లావాడే. 1962లో వాళ్ళ మీద పుస్తకం రాశారు.

చెత్త ఏరేవాళ్ళకు సరైన కూలి కట్టిన చోట్లు దేశంలో ఉన్నాయి. పుణెలో 1993లో వాళ్ళు యూనియన్ కట్టుకున్నారు. అందులోంచి 2008లో స్వచ్ఛ్ అనే సహకార సంస్థ పుట్టింది. అక్కడ ఇంటింటి దగ్గరా చెత్త తీసుకున్నందుకు ఇంటివాళ్ళు నెలనెలా రుసుము కడతారు. పనికొచ్చే వస్తువులు అమ్ముకోగా వచ్చేది దానికి అదనం. అంటే సేవకు వేరే, సరుకుకు వేరే. ఈ రెండింటినీ విడదీయడమే ఆ సంస్థ చేసిన తెలివైన పని. ఢిల్లీలో 1998లో మొదలైన కన్సర్వ్ ఇండియా పారేసిన ప్లాస్టిక్ సంచుల్ని ఏరించి, కడిగి, రంగుల వారీగా పేర్చి, వేడితో అదిమి మందపాటి రేకుల్లా చేసింది. వాటితో చేతిసంచులు కుట్టించి విదేశాలకు అమ్మింది. రంగు వేయకుండానే రంగులొచ్చాయి. హైదరాబాద్‌లో 2013లో మొదలైన బన్యన్ నేషన్ పాత సామాన్ల వ్యాపారులతో కలిసి పనిచేస్తూ ప్లాస్టిక్‌ను మళ్ళీ కంపెనీలు వాడగలిగే గుళికలుగా మారుస్తోంది. 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నియమాల్లో చెత్త ఏరేవాళ్ళను గుర్తించి కలుపుకోవాలని రాశారు. మన గ్రామాల్లో 'చెత్త నుంచి సంపద' కేంద్రాలు వెలిశాయి. సంపద అన్న మాట గోడ మీద పెద్దక్షరాల్లో ఉంది. అది ఎవరి సంపద అన్నది ఇంకా తేలాల్సి ఉంది.

2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులను కేంద్రం నిషేధించింది. గుడ్డసంచికి గిరాకీ పెరగాల్సిన సమయం ఇది. సంగంలాంటి ఊళ్ళో ఒక ఆడమనిషి మిగులు గుడ్డలతో సంచులు కుట్టిందనుకుందాం. ముక్కలు ఏరడం, ఉతకడం, ఇస్త్రీ, కత్తిరింపు, కుట్టు, పట్టీలు అన్నీ కలిపి ఒక సంచికి ముప్పావు గంట పట్టిందనుకుంటే, ఎనిమిది గంటలకు పది సంచులు. సంచికి అయిదు రూపాయలు కుట్టుకూలి కడితే రోజంతటికీ యాభై. 2024-25లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనికి రోజుకూలి 300 రూపాయలు. అంటే సంచికి ముప్పై ఇస్తే గానీ చెరువులో మట్టి తీసిన మనిషితో ఆమె సమానం కాదు. కనీస కూలికంటే తక్కువ ఇచ్చి చేయించుకునే పని వెట్టితో సమానమని సుప్రీంకోర్టు 1982లోనే, ఏషియాడ్ నిర్మాణ కూలీల కేసులో తీర్పు చెప్పింది. ఇంట్లో కూర్చుని కుట్టే ఆడమనిషి దగ్గరికి ఆ తీర్పు ఇంకా నడిచి రాలేదు.

ధర పెరిగితే సంచి ఎవరు కొంటారని సంగం నడిపేవాళ్ళు అడుగుతారు. 1935లో చరఖా సంఘం కార్యకర్తలు అడిగిందీ ఇదే ప్రశ్న. జవాబుగా వాళ్ళు చేసిన పని కళ్ళ ముందుంది. గంటలు లెక్కపెట్టారు, తిండీ బట్టా లెక్కపెట్టారు, మూడు అణాలతోనైనా మొదలుపెట్టారు, ఇవ్వనివాళ్ళ బట్ట మీద ముద్ర వేయలేదు. నెల్లూరు జిల్లా సంగాలు ఇదే పని ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు. ప్రతి సంచికీ ఒక చిన్న చీటీ కట్టి, దాని మీద రెండే అంకెలు రాయాలి: కుట్టడానికి పట్టిన సమయం, కుట్టిన మనిషికి ముట్టిన కూలి. కొనేవాళ్ళు కూడా బేరం మొదలుపెట్టే ముందు ఆ చీటీ అడగాలి. చీటీ లేకపోతే నోటితోనైనా అడగండి: 'అమ్మా, ఇది కుట్టడానికి ఎంతసేపు పట్టింది, నీకెంతిచ్చారు?'